215 నంబరు సెల్లులు

పోయిన నెల పదకొండో తేదీన విశాఖపట్నం విమానాశ్రయంలో నా చేతిసంచిలోంచి చిన్న కత్తెర తీసి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పడేశారు. దారాలు కత్తిరించుకునే కత్తెర, బొటనవేలంత ఉంటుంది. అప్పటికే ఆ డబ్బాలో రెండు లైటర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఎవరిదో అడకత్తెర ఉన్నాయి. ఆవకాయ సీసా ఒకటి పక్కన విడిగా ఉంది. యూనిఫాంలో ఉన్న అమ్మాయిని అడిగాను.

"ఇవన్నీ ఎక్కడికి పోతాయమ్మా?"

"డిస్పోజ్ చేసేస్తారు ఆంటీ."

"ఎవరు చేస్తారు? ఎందులో రాస్తారు?"

ఆ అమ్మాయి నవ్వింది. నా వెనక వరసలో ఉన్న ఒకాయన, "పెద్దమ్మగారూ, ఒక్క కత్తెర కోసం ఫ్లైటు ఆపేత్తారేటి?" అన్నాడు. వరసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు ఆ బల్ల వెనక నిలబడ్డది నేనే. నా కోపమంతా ఆ డబ్బా మీద. దానికి నంబరు లేదు, పుస్తకం లేదు, జవాబు చెప్పే మనిషి లేడు. అందుకే ఇది రాస్తున్నాను. సెక్యూరిటీ వరసలో బెల్టు తీసి ట్రేలో పెట్టడం తప్ప మరేమీ అడగడం తెలియని పిల్లలు చదవాలని రాస్తున్నాను.

నేను 1971లో కానిస్టేబుల్‌గా చేరాను. 1985 జనవరి 2న విమానాశ్రయం సెక్యూరిటీకి వేశారు, అప్పటికి హెడ్ కానిస్టేబుల్‌ని. ఇప్పటి అద్దాల భవనం ఊహించుకోకండి. నౌకాదళం వారి రన్‌వే పక్కన ఒక హాలు, రెండు బల్లలు, ఆడవాళ్లని తనిఖీ చేయడానికి ఆకుపచ్చ గుడ్డ కట్టిన చిన్న గది. విమానం వచ్చే వేళకి హాలు నిండేది, అది వెళ్లాక కుక్కలు వచ్చి పడుకునేవి. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు కాబట్టి ఎక్కేవాళ్లలో ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు ఎక్కువ.

అప్పట్లో విమానాలు దారి మళ్లించినవాళ్ల భయం దేశమంతా ఉండేది. కత్తులు సరే, బ్యాటరీ సెల్లులు కూడా క్యాబిన్‌లోకి పోనివ్వకూడదని ఆర్డరు వచ్చింది. టార్చిలైటు, ట్రాన్సిస్టరు, కెమెరా, దేనిలో సెల్లు ఉన్నా తీసేయాలి. తీసిన వస్తువుని కవర్లో పెట్టి, విమానం సిబ్బందికి అప్పగించాలి. దిగిన ఊళ్లో వాళ్లు మనిషికి తిరిగి ఇవ్వాలి. ఇదీ పద్ధతి. చదవడానికి ఎంత బాగుందో చూడండి.

నేను వెళ్లేనాటికి అక్కడ రిజిస్టరు లేదు. నేనే ఒక పొడుగు పుస్తకం తెచ్చి గీతలు గీశాను. నంబరు, తేదీ, వస్తువు, ఎవరిది, ఎవరికి అప్పగించినది. ప్రతి నెలా ఒకటో నంబరుతో మొదలు. కవరు చిరిగితే ఏది ఎవరిదో తెలియదు కదా, అందుకని వస్తువు మీద కూడా గుండుసూదితో నంబరు గీసేదాన్ని, అడిగినవాళ్లకి చీటీ రాసి ఇచ్చేదాన్ని. మగవాళ్ల బల్ల దగ్గర ఉండే కానిస్టేబుల్‌కి ఇది వేళాకోళం. పెందుర్తి మనిషి, నాకంటే ఆరేళ్లు చిన్న.

"అక్కా, నువ్వు సీటీ రాత్తే కలెక్టరు రాసినట్టే. ఆ నిమ్మకాయకి కూడా నంబరెయ్యి" అనేవాడు.

"నిమ్మకాయ ఎవరు తీయమన్నారు నిన్ను?"

"దిష్టి నిమ్మకాయక్కా. ఇమానానికి దిష్టి తగుల్తే?"

నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వులు కూడా లెక్కలోకి వస్తాయి.

1985 అక్టోబరు 14, సోమవారం. అంతకు మూడు రోజుల ముందు వానలకి రైలుకట్ట ఎక్కడో కొట్టుకుపోయి హైదరాబాదు బళ్లు ఆగిపోయాయి. ఆ పొద్దున్న విమానానికి ఎప్పుడూ కనపడని రకం మనుషులు, మొగుడూ పెళ్లాం ఇద్దరు వచ్చారు. అతనికి యాభై దాటి ఉంటాయి. చొక్కా జేబులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె, దానినుంచి చెవిలోకి తీగ. ఆమె కట్టుకున్న కొత్త చీర మడతలు ఇంకా విడలేదు.

"అక్కా, వైరు!" అని కేకేశాడు మా కానిస్టేబుల్.

అది వినికిడి మిషను. అతను హార్బరులో ఓడల బాగుచేతలో తుప్పు కొట్టే మనిషి. ఇనుప ట్యాంకులోకి దిగి, ఇనుము మీద ఇనుప సుత్తితో రోజంతా కొట్టడం పని. పంతొమ్మిదేళ్లు కొట్టాక రెండు చెవులూ పోయాయి. నష్టపరిహారం కోసం కేసు వేస్తే కాంట్రాక్టు కంపెనీ, అతను పుట్టు చెవిటివాడని వాదించి గెలిచింది. ఆ అప్పీలు విచారణ ఆ రోజు పదకొండున్నరకి హైదరాబాదులో. రైళ్లు లేవు కాబట్టి అతని జట్టువాళ్లంతా చందా వేసుకుని ఇద్దరికి విమానం టిక్కెట్లు కొన్నారు. ఇదంతా ఆమె గబగబా చెప్పింది, మా కానిస్టేబుల్ మిషను మూత విప్పి లోపలి సెల్లు తీసి బల్ల మీద పెడుతుండగా. దానికి నేను 214 నంబరు వేశాను.

తర్వాత ఆమెని గుడ్డగదిలోకి తీసుకెళ్లాను. బొడ్డు దగ్గర దోపుకున్న గుడ్డసంచి తగిలింది. తీయమన్నాను. వక్కముక్కలు, తాళంచెవి, కాగితంలో చుట్టిన రెండు పెన్సిల్ సెల్లులు.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఇయి తీసీకమ్మా. ఇయి సెల్లులు కావు, ఆడి సెవులు. ఇలగ లాగీసుకుంతారని యూనియనోలు సెప్తేనే బొడ్లో ఎట్టుకున్నాను."

"రూలమ్మా. దిగగానే ఇచ్చేస్తారు."

"దిగీసినాక ఎవులిస్తారు? నాకక్కడ ఎవులు తెలుసు?"

"నేను చీటీ రాసి ఇస్తాను. అది చూపిస్తే ఇస్తారు."

"నీ సంతకం ఎడతావా?"

"పెడతాను."

ఆమె నా మొహంలోకి చూసింది. "అయితే సరే తల్లీ. సదువుకున్నదానివి, నీ మాట నమ్ముతాను" అంది. నా మణికట్టు వదిలేసింది. 215 నంబరు వేసి, రెండు సెల్లుల అడుగు రేకు మీదా గుండుసూదితో గీసి, చీటీ రాశాను. "పైన చెప్పిన మూడు సెల్లులు హైదరాబాదులో దిగిన వెంటనే వీరికి ఇవ్వబడును." కింద సంతకం, తేదీ, వేళ, ఏడూ నలభై అయిదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ చీటీ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అదే వరసలో వాళ్ల వెనక ఒక పెద్ద కాంట్రాక్టరు ఉన్నాడు. అతని దగ్గర వెండి పిడి చాకు దొరికింది. మా ఎస్సై గారు కుర్చీలోంచి లేచి, "అయ్యో, మీరు కూర్చోండి సార్" అని, ఆ చాకు కవరు స్వయంగా పట్టుకుని విమానం మెట్ల దాకా వెళ్లి ఇచ్చి వచ్చారు. ఆ రోజు నా పుస్తకంలో పందొమ్మిది నంబర్లు. అన్ని కవర్లూ ఎస్సై గారి బల్ల మీద పెట్టాను. చివరి గడిలో "ఎస్సై గారికి" అని రాశాను. విమానం సిబ్బందికి అప్పగించడం ఆయన పని. నా గడి నిండింది కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. ఆ పందొమ్మిదిలో విమానం ఎక్కినవి నాలుగని తర్వాత తెలిసింది.

అక్టోబరు 22, మంగళవారం, విమానం వెళ్లిపోయాక, ఆమె ఒక్కతే వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన నా చీటీ చేతిలో ఉంది.

"అమ్మా, నా సెల్లులు ఇంకా ఇవ్వనేదు" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది. నేను బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను.

"ఇమానం దిగీసినాం. నీ సీటీ సూపించినాను. ఒకాయన సూసి, 'సామాన్లొస్తాయి, అక్కడ నిల్చో' అన్నాడు. నిల్చున్నాం. ఇంకో ఆయన 'సిబ్బంది ఇంకా బయటికి రానేదు, ఆగండి' అన్నాడు. ఆగినాం. మావోడు 'ఎల్దాం, సెల్లులు బజార్లో కొనుక్కుందాం' అన్నాడమ్మా. నానే ఆపినాను. 'సంతకమెట్టి ఇచ్చిందిరా, అబద్దం రాయదు' అన్నాను. పదకొండు గంటలకి ఒక ఆడమనిషి కసురుకుంది, 'సెల్లులేటి, గిల్లులేటి' అని. అప్పుడు ఆటో ఎక్కి పరిగెట్టినాం. మజ్జిలో ఆగి కొనడానికి టయిమేది? మేమెల్లేతలికి పేరు పిలిసీసినారు."

"మరి లోపల వకీలుకి చెప్పలేదా?"

"నన్ను లోపలికి రానివ్వనేదు. సాక్షివి కావు, బయట కూకోమన్నారు. ఆడొక్కడే ఎల్లినాడు."

ఇక్కడ మీకొకటి చెప్పాలి. తుప్పు కొట్టే జట్ల వాళ్లకి ఒక అలవాటుంది. ట్యాంకులో ఆ మోతకి మేస్త్రీ ఏం చెప్పాడో ఎవరికీ వినపడదు. వినపడలేదంటే, చెవులు పోయాయి రేపటినుంచి రావద్దంటాడు. అందుకని మేస్త్రీ నోరు కదిపితే చాలు, అందరూ తల ఊపుతారు. పంతొమ్మిదేళ్లు ఊపిన తల అది. విచారణ చేసే ఆఫీసరు ఎదురుగా కూర్చుని, 'చెవుల్లో పెట్టుకోవడానికి కంపెనీ మూతలిచ్చిందా?' అని అడిగాడట. తల ఊపాడు. 'చిన్నప్పటినుంచీ ఇంతేనా?' తల ఊపాడు. కంపెనీ వకీలు లేచి, 'మిషను పెట్టుకుని శుభ్రంగా వింటున్నాడు, జవాబు చెబుతున్నాడు' అన్నాడట. మిషనులో సెల్లు లేదని వాళ్ల వకీలుకి తెలియదు, అన్నీ అవునని రాసేసుకున్నారు. అప్పీలు కొట్టేశారు.

"బయటికొచ్చినాక ఏటడిగినారని అడిగితే, ఏటన్నాడో తెలుసా అమ్మా? 'ఆఫీసరు మంచోడే, నవ్వుతా మాటాడినాడు, మనకే వస్తాది' అన్నాడు."

నేను లేచి ఎస్సై గారి బల్ల సొరుగు లాగాను. 214 కవరు ఉంది. 215 కవరు చిరిగి ఉంది, లోపల ఏమీ లేదు. పక్కన ఇంకా పదిహేను రోజుల కవర్లు కుప్పగా ఉన్నాయి. బల్ల మీద ఎస్సై గారి ట్రాన్సిస్టరులో పాటలు వస్తున్నాయి. మా కానిస్టేబుల్ కళ్లు ఒక్క క్షణం దాని మీదికి వెళ్లి నేల మీదికి దిగాయి.

"అక్కా, ఒగ్గీ, ఒదిలీ" అన్నాడు మెల్లగా.

నేను ట్రాన్సిస్టరు తిరగేసి వెనక మూత తీశాను. పాట చరణం మధ్యలో ఆగిపోయింది. సెల్లులు అరచేతిలోకి దులుపుకుని అడుగు చూశాను. రెండింటి మీదా 215. ఐదు అంకె కింద తోక కొంచెం పొడుగ్గా గీస్తాను నేను.

ఎస్సై గారు వరండాలోంచి లోపలికి వచ్చారు. "ఏంటమ్మా అది? ఆఫీసరు వస్తువు విప్పుతావా?"

"రిజిస్టరులో 215 సార్. మీకు అప్పగించినట్టు రాసి ఉంది."

"జత సెల్లుల కోసం ఈ గోలంతా? ఎంతవుతుందమ్మా వీటి ఖరీదు?" అని ఆయన పర్సు తీశారు. సిగ్గుపడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఒక్క క్షణం కూడా సిగ్గుపడలేదు. దొంగతనం చేశానని ఆయన అనుకోనే లేదు. పేదవాడి చేతిలోంచి తీసింది ఎవరిదీ కాదని ఆయన నమ్మకం. కాంట్రాక్టరు చాకు కాంట్రాక్టరుది, చెవిటివాడి సెల్లు మాత్రం సొరుగుది.

ఆమె బెంచీ మీంచి లేచింది. "కొత్తవి నాను కొనుక్కోగల్ను బావూ. ఆ పొద్దు కొనివ్వు" అంది.

ఆయన పర్సు మూసేశారు.

మర్నాడు మా కానిస్టేబుల్ భోజనం వేళ తన క్యారేజీ గిన్నె నా ముందుకి తోశాడు. లోపల అన్నం లేదు, మడిచిన కాగితం ఉంది. సెల్లుల ఆర్డరు రెండో పేజీ. మాకు గోడకి అంటించింది మొదటి పేజీ ఒక్కటే. రెండో పేజీలో మూడో పంక్తి: డాక్టరు సర్టిఫికెట్టు ఉన్న వినికిడి మిషన్లకీ వాటి సెల్లులకీ ఈ ఆర్డరు వర్తించదు. ఆ రోజు ఆమె భర్త జేబులో సర్టిఫికెట్టు ఉంది. మేము అడగలేదు.

"నాను ఇవ్వనేదు, నువ్వు సూడనేదు" అన్నాడు. "ఇల్లు కట్టడం సగంలో ఉందక్కా. సాక్షి సంతకం మాత్రం అడక్కు."

అడగలేదు. గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లి చూశాను. పై మూల "రెండు పేజీలు" అని టైపు చేసి ఉంది. తొమ్మిది నెలలకి పైగా రోజూ దాని కిందే కూర్చున్నాను. నిమ్మకాయలకి నంబర్లు వేసే మనిషిని, ఒకటీ రెండూ లెక్కపెట్టలేకపోయాను. ఎస్సై గారి మీద ఎంత కోపమో నా మీద అంతకు తక్కువ కాదు. ఆయన తీసింది రెండు సెల్లులే. ఆమెని విమానాశ్రయంలో గంటన్నర నిలబెట్టింది నా చీటీ. నేను దౌర్జన్యంగా లాక్కుని పొమ్మని ఉంటే వాళ్లు మొదటి దుకాణంలో కొనుక్కుని ఉండేవాళ్లు. మర్యాదగా, సంతకంతో ముంచాను.

నాలుగు పేజీల వాంగ్మూలం రాశాను. రిజిస్టరు నకలు, ఆర్డరు రెండో పేజీ నకలు జతచేసి వాళ్ల వకీలుకి పంపాను. సెల్లులు ఆమెకి ఇచ్చేశాను. పై అధికారి పిలిచి, "డిపార్టుమెంటు పరువు తీస్తావా?" అన్నారు. "సెల్లులు తీసినప్పుడు పోని పరువు, రాస్తే పోతుందా సార్?" అన్నాను. నవంబరు 30న ఏజెన్సీ కొండల్లో ఒక స్టేషనుకి బదిలీ చేశారు. నా తర్వాత ఆ రిజిస్టరే ఎత్తేశారని మా కానిస్టేబుల్ ఉత్తరం రాశాడు. ఎస్సై గారు తర్వాత రెండు మెట్లు పైకెక్కి రిటైరయ్యారు. సన్మానం కూడా జరిగింది. ఫొటో చూశాను.

అప్పీలు తిరిగి విచారణకి తీసుకున్నారు. 1986 ఫిబ్రవరి 20, గురువారం. రైళ్లు నడుస్తున్నాయి. సెలవు పెట్టి, నా టిక్కెట్టు నేను కొనుక్కుని వాళ్లతోపాటు వెళ్లాను. ఈసారి ఆమెని లోపల కూర్చోనిచ్చారు.

కంపెనీ వకీలు నన్ను అడిగాడు. "రూలు ప్రకారమేగా తీశారు?"

"సగం రూలు ప్రకారం తీశానండి. తీయకూడనివి తీశాను. తిరిగి ఇస్తారో లేదో తెలియకుండా ఇస్తారని రాశాను."

ఆఫీసరు సెల్లులు తెప్పించుకుని, తిప్పి, అడుగున 215 చూసి, కాగితం మీద రాసుకున్నారు. తర్వాత అతని వైపు తిరిగారు. మిషనులో కొత్త సెల్లు ఉంది. "చెవుల్లో పెట్టుకోవడానికి కంపెనీ నీకేమైనా ఇచ్చిందా?"

అతని తల కదలబోయింది. నేను చూశాను, హాలంతా చూసింది. అతను తన కుడిచేత్తో తన గడ్డాన్ని తానే గట్టిగా పట్టుకుని ఆపుకున్నాడు. అలా పట్టుకునే, "నేదు బావూ. దూది మా ఆడది ఎట్టీది" అన్నాడు.

తీర్పుకి మరో పదిహేడు నెలలు పట్టింది. వాళ్లకే వచ్చింది. చెవులు రాలేదు.

ఆ రోజు విచారణ అయ్యాక ఒక చిన్న పని మిగిలింది. గుమస్తా సెల్లులు రెండూ తన ముందుకి లాక్కుని, రసీదు పుస్తకం తీశాడు. "ఇవి సాక్ష్యం కింద మా దగ్గరుంటాయి. రసీదు ఇస్తాను, కేసు తేలాక వచ్చి తీసుకెళ్లండి."

ఆమె బల్ల దగ్గరికి వచ్చి సెల్లుల మీద అరచెయ్యి బోర్లించింది.

"సీటీ వద్దు బావూ. ఒక సీటీ సూసీసినాను."

గుమస్తా ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు ఆమె చేతి వైపు చూశారు, తర్వాత నా వైపు. నంబరు రాసుకున్నారు కదా, ఇంకేం కావాలని నేను నోరు విప్పబోతుండగానే, "ఇచ్చెయ్యండి" అన్నారు.

సెల్లులు నేను అందుకున్నాను. అవి అప్పటికే అయిపోయిన సెల్లులు. ఆమె బొడ్డు దగ్గర గుడ్డసంచి తీసి మూతి తెరిచి పట్టుకుంది. వక్కముక్కలూ తాళంచెవీ అలాగే ఉన్నాయి. ఎక్కడినుంచి తీశానో అక్కడే పెట్టాను.